లేని తమ్ముడి కోసం శ్రీకూర్మం దాకా

ఈ ప్రయాణం మా తమ్ముడి చేత తాగుడు మాన్పించడానికని మొదలైంది. నాకు తమ్ముడు లేడు. ముగ్గురూ అక్కచెల్లెళ్ళే. తాగేది నేనే.

మద్యనిషేధం ఉన్న రోజులవి. సారా దొరకదని కాదు, దొడ్డిదారిన దొరికేది. కానీ గజపతినగరంలో బడిపంతులు ‘నేను తాగుతాను’ అని నలుగురిలో నోరు తెరిచి అనగలడా? మా ఆవిడ ట్రంకుపెట్టె సర్ది గడప పక్కన పెట్టింది. ఇంకొక్కసారి తూలుతూ వస్తే పిల్లను తీసుకుని పుట్టింటికి పోతానంది. అరవలేదు, ఏడవలేదు, కూరలో ఉప్పు చాలలేదన్నంత మామూలుగా అంది. అందుకే నాకు భయం వేసింది.

అంతకుముందు విజయనగరంలో ఒక మద్యపాన వ్యతిరేక సభకు వెళ్ళాను. వేదిక మీద ముగ్గురు పెద్దలు, ముగ్గురూ పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టనివారే. తాగుబోతులు పశువులకన్నా హీనమని వాళ్ళు చెబుతుంటే అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఆ సాయంత్రమే తాగాను.

మా తమ్ముడు తాగుతున్నాడని చెప్పుకుంటే, మా సంతలో ఎండుచేపలు అమ్మే నూకమ్మ నాకీ కబురు చెప్పింది. శ్రీకూర్మం అవతల, సముద్రం ఒడ్డున ఉన్న వాళ్ళ పల్లెలో, తాగుడు మానేసినవాళ్ళూ మానలేక అవస్థపడేవాళ్ళూ ప్రతి గురువారం ఒకచోట కూర్చుంటారట. “మా ముసిలోడు అక్కడ కూకునే ఒగ్గీసినాడు, పంతులు బావూ. మీ తమ్ముడిని ఒకపాలి అంపండి” అంది.

గురువారం సెలవు పెట్టి ఉదయం ఆరున్నర పాసింజరెక్కాను. విజయనగరంలో ఇడ్లీలు తిని తొమ్మిదింటి బండి పట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న బెల్లం వ్యాపారి ఎందాకా అని అడిగితే తమ్ముడి సంగతి చెప్పాను. చీపురుపల్లి వచ్చేలోగా రైలుపెట్టెలో సగంమంది వైద్యులైపోయారు. సారాలో బల్లితోక కలిపి పట్టమని ఒకరు, పెళ్ళి చేసేస్తే వాడే దారికొస్తాడని ఇంకొకరు. పెళ్ళయిందనీ, ఎనిమిదేళ్ళ కూతురుందనీ చెప్పాను.

“అయితే ఆ యమ్మ ఎలాగ ఏగుతన్నాదో” అంది పొగాకు చుట్ట చుట్టుకుంటున్న ఒక ముసలామె. ఆ తర్వాత నేను పొలాలు చూస్తూ కూర్చున్నాను.

పదకొండింటికి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి, బస్సులో ఊళ్ళోకి చేరాను. హోటల్లో భోజనం రూపాయి. పప్పు బాగుంది, చారు మరీ నీళ్ళు. రెండింటి బస్సు మూడింటికి శ్రీకూర్మంలో దింపింది. గుడి ముందు కాసేపు నిలబడ్డాను. ఆ స్వామి మీద ఇదివరకు రెండుసార్లు ఒట్టు పెట్టి రెండుసార్లూ తప్పాను. అందుకని ఈసారి దణ్ణంతోనే సరిపెట్టి సముద్రం వైపు బయల్దేరాను. గంట నడక. ఇసుకబాట మొదలయ్యాక చెప్పులు చేతపట్టుకోవడం మంచిది.

ఒక పాక కింద ఏడుగురు వల చుట్టూ కూర్చుని చిరుగులు బాగుచేస్తున్నారు. చేపల బేరం ముగించుకుని అందరూ సారా కోసం పోయే వేళట అది. ఆ వేళకి చేతులు ఖాళీగా ఉండకూడదని వల ముందేసుకున్నారు. ఎవరి చూపు వాళ్ళ చేతుల మీదే, ఎవరి మొహమూ ఎవరూ చూడక్కర్లేదు. నూకమ్మ మొగుడు పోలయ్య నాకు చోటిచ్చి, వల అంచూ వెదురుసూదీ చేతిలో పెట్టాడు.

ఒకతను తల ఎత్తకుండానే “మొన్న తాగీసినాను” అన్నాడు. ఎవరూ తిట్టలేదు. పక్కవాడు జరిగి అతనికి నూలుండ అందించాడు.

“మరి నిన్న?”

“నిన్న నేదు.”

“ఈయేల?”

“ఈయేల ఇక్కడే ఉన్నాను కదేటి.”

నా వంతు వచ్చింది. మా తమ్ముడని మొదలుపెట్టాను. గడప పక్కన పెట్టె గురించి, నడక సరిగ్గా ఉందని చూసుకుంటే గాని దగ్గరకు రాని కూతురి గురించి చెప్పాను. మధ్యలో సూది జారింది. పోలయ్య దాన్ని తీసి మళ్ళీ నా చేతిలో పెట్టాడు.

“నాను మొదట మా బావ కోసమని సెప్పినాను, బావూ. ఆ బావ అప్పటికే సచ్చిపోయి మూడేళ్ళు” అన్నాడు నెమ్మదిగా.

“నాకు తమ్ముడు లేడు” అన్నాను. ఏడుపొచ్చింది, సిగ్గు మాత్రం వెయ్యలేదు. ఆవేళ నేనల్లిన నాలుగు వలకళ్ళూ వంకరే. పోలయ్య వాటిని విప్పలేదు.

చీకటి పడేలోగా శ్రీకూర్మం చేరి సత్రంలో దిగాను. చాప ఇస్తారు, దుప్పటి మనమే తెచ్చుకోవాలి.

మర్నాడు తిరుగుబండిలో నా పక్కన ఇస్త్రీచొక్కా గుమాస్తా ఒకాయన కూర్చుని, ఎటు వెళ్ళొస్తున్నారని అడిగాడు. తాగుడు మానుదామని వెళ్ళొస్తున్నానని చెప్పి, గురువారం సంగతంతా వివరించాను. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పొందూరు పోయింది, చీపురుపల్లి పోయింది, ఆయన పేజీ తిప్పలేదు. విజయనగరం దగ్గరపడుతుండగా పేపరు మడిచి నా వైపు వంగాడు.

“ఎన్ని గంటలకన్నారండీ? మా తమ్ముడొకడున్నాడు.”

బస్సు వేళలూ, ఇసుకబాటా అన్నీ చెప్పాను. వచ్చే గురువారం రెండింటి బస్సులో నేనూ ఉంటాననీ, ఆ తమ్ముడికి కిటికీ పక్కన సీటు ఆపి ఉంచుతాననీ అన్నాను.

“కిటికీ పక్కన వద్దండీ” అన్నాడాయన. “నాకు మధ్యాన్నం ఎండ పడదు.”