కొడుకు పేరు వచ్చే చోటు

ఉదయం ఆరూ నలభైకి కోస్గిలో మహబూబ్‌నగర్ బస్సు కదిలింది. నా పక్కన కూర్చున్న ముసలామె ఏవో పేర్లు గొణుగుతోంది. కండక్టర్ ఆధార్ కార్డు అడిగాడు. ఆమె కార్డు చూపించి, మళ్లీ మొదటి పేరు నుంచి ఎత్తుకుంది.

“నడుమల మాట్లాడిస్తే మొదటికొస్తది బిడ్డా,” అంది నాతో. “రేపు పెత్తరమాస. అయ్యగారికి బియ్యమిచ్చేటప్పుడు పోయినోళ్ల పేర్లు వరుసగ చెప్పాలె. మా ముసలోనికి పొద్దున తిన్నదే యాదుండదు.”

బీరయ్య, మల్లయ్య, లింగయ్య. తన మామ లింగయ్య పేరు దాకా వచ్చి ప్రతిసారీ ఆగిపోతోంది.

“తర్వాత ఎవరవ్వా?”

“నా కొడుకు, అంజయ్య. ఎండకాలంల పోయిండు. తండ్రి బతికుండంగ వరుసల కొడుకునెట్ల చెప్తం? నోరు రాదు. నేనాగినప్పుడు జర నువ్వందుకో.”

ఆమె లింగయ్య అంది. నేను అంజయ్య అన్నాను. ఆమె మెల్లగా ఆ పేరు తిరిగి పలికింది. మహబూబ్‌నగర్ దాకా అలాగే చెప్పుకుంటూ పోయాం.

మా తమ్ముడు పోయింది కూడా ఆ ఏడాదే. పేరు పలకలేక ఇంట్లో అందరం ‘వాడు’ అనేవాళ్లం. ఆ సాయంత్రం అమ్మ దగ్గర వాడి పేరు పలికాను, ‘రవి’ అని. అమ్మ కాసేపు ఏడ్చి, తనూ ఆ పేరు అంది.

ఇప్పుడు మా ఇంట్లో రవిని ఎవరూ ‘వాడు’ అనడం లేదు.