నేను బెల్లం వేయని సీసా

మా ల్యాబు సారు పోయారు. నాతో చదివిన వర్ని ఊరి దోస్తు బోధన్ దవాఖానలో నేను పనిచేసే ల్యాబు ముందు నిలబడి ఆ మాట చెప్పాడు. "పరాచికాలాడకురా" అన్నాను. ఇన్నేళ్లూ అందరూ నాతో అన్న మాట అది.

ఏడో తరగతిలో బడి మానేసి చెరకు బండి తోలుతున్న నన్ను ల్యాబు పని నేర్పే క్లాసులో చేర్చుకున్నది ఆయనే. నిజామాబాదులో దవాఖాన వెనక ఒక గది, పది మందిమి. ఇంగ్లీషు పేర్లు నాకు నోరు తిరిగేవి కావు. మందు సీసాలకు తెలుగు చీటీలు అంటించి, "పేరు తర్వాత నేర్వొచ్చు. ముందుగాల చెయ్యి వణకకుండ పట్టు" అనేవారు. మీలో ఎవరి వేలికైనా ఆయన సూది గుచ్చి ఉంటే గుర్తుండే ఉంటుంది. "పొద్దుగాల ఏం తిన్నవ్ బాపూ?" అని అడిగేవారు. జవాబు చెప్పేలోగా పని అయిపోయేది.

చక్కెర పరీక్ష నేర్చుకోవడానికి ఎవరి మూత్రం వాళ్లే తెచ్చుకోవాలి. నీలం మందులో కొన్ని చుక్కలు వేసి స్పిరిట్ దీపం మీద కాచాలి. చక్కెర ఉంటే ఇటుక రంగుకు తిరుగుతుంది. చెరకు చేలల్లో పెరిగినవాణ్ని, ఊరుకుంటానా? వర్ని దోస్తు సీసాలో బెల్లం నీళ్లు కలిపాను. గాజు గొట్టం ఎర్రబడగానే వాడు ఏడుపందుకున్నాడు.

"సార్, నాకింక లగ్గం గూడ కాలె!"

సారు సీసా వాసన చూసి, నా వైపు చూశారు. "లగ్గం అయితది గని, వీన్ని మాత్రం పిలవకు." వారం రోజులు సీసాలన్నీ నాతోనే కడిగించారు.

మా క్లాసు ఆఖరి పరీక్షకు ముందు రోజు చేయి తిరగడానికి సారు తన మూత్రం సీసానే ఇచ్చారు. కాచింది నేను. ఎర్రబడింది. క్లాసంతా నన్ను చూసి నవ్వింది.

"మల్ల బెల్లమేసినవా, బద్మాష్?"

"అవ్వతోడు సార్, నేనెయ్యలె."

"నీ ఒట్లు నాకెర్కే" అని నవ్వుతూ గొట్టం తీసుకుని మోరీలో పారబోశారు.

ఇంకోసారి గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. అందరితో పాటు నేనూ నవ్వాను. చేయని తుంటరి పనికి కూడా పేరొస్తుంటే వదులుకోలేకపోయాను.

ఏళ్లు గడిచాయి. చక్కెర జబ్బుతో పుండు మానక సారుకు కాలు తీసేశారని ఈ మధ్యే తెలిసి పరుగెత్తాను. మంచం పక్కన కూర్చుని కక్కేశాను. "సార్, ఆ దినం నేను నిజంగనే ఎయ్యలె."

"ఎర్కేరా. మీరు పోయినంక మల్ల మూత్రం పట్టి చేసి చూసిన. గంతే ఎర్రగ అయింది."

"మరి మందెందుకు తీసుకోలే సార్?"

సారు దుప్పటి మీదికి లాక్కున్నారు. "భయమైంది. బెల్లం నువ్వే ఏసినవనుకుంటే పాణం నిమ్మలముండె."

దుప్పటి కింద కాలు లేని చోటు వైపు చూశాను.

"గిట్ల మొఖం పెట్టకు. ఏదన్న నవ్వేటి మాట చెప్పు" అన్నారు. ఒక్కటీ తోచలేదు. ఆయనే అన్నారు, "ఇగ కాలికి చెప్పు ఒక్కటి కొంటే చాలు." నవ్వబోయి ఇద్దరం ఆగిపోయాం.

ఆయన చేయి పట్టుకున్నాను. కాసేపటికి ఆయన వేళ్లు నా మణికట్టు మీదికి జరిగాయి. కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ నా నాడి లెక్కపెడుతున్నారు. ఎంతొచ్చిందో చెప్పలేదు. మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టారు.