పురానాపూల్ బస్తీలో ‘బిడ్డలు’ లెక్క తప్పిన రోజు

పాతబస్తీలో సర్వేకి వెళ్తున్నాం, ఏం తీసుకెళ్ళమంటారు అని ఈమధ్య పరిశోధన చేసే పిల్లలు కొందరు నన్ను అడుగుతున్నారు. గొడుగు, నీళ్ళ సీసా, రెండు పెన్నులు అని చెప్పి ఊరుకోవచ్చు. అలా ఊరుకోవడం నాకు చేతకాదు. డెబ్బైల చివర్లో, నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, ఒక్క వేలిముద్ర కోసం మూసీ మీది పాత వంతెన పురానాపూల్ దాకా వెళ్ళొచ్చిన రోజు గురించి చెబుతాను. అప్పుడు నేను బర్కత్‌పురాలో ఒక చిన్న పరిశోధన సంస్థలో పనిచేసేదాన్ని. వర్ధమాన సమాజాల సామాజిక, న్యాయ, సృజన, సాంకేతిక సమస్యలు అని మా ఫైళ్ళ మీద రాసుండేది. అది చదవడం పూర్తయ్యేలోపు స్టాపులో బస్సు వెళ్ళిపోయేది. అంత పెద్ద సముద్రంలో నా చేతికొచ్చిన చెంబెడు నీళ్ళు ఏమిటంటే, పురానాపూల్ దగ్గర నలభై ఇళ్ళున్న ఒక తెలుగు బస్తీలో పిల్లలెందరు, బడికి వెళ్ళేవాళ్ళెందరు అని రాసుకురావడం. వాళ్ళ బడి మూసీకి అవతలి ఒడ్డున ఉండేది. బస్తీలోనే ఒక బడి పెట్టించమని మేము సిఫారసు చేయాలా వద్దా అన్నది ఆ లెక్కమీద ఆధారపడి ఉంది.

ప్రశ్నలు ఇంగ్లీషులో మా సారు తయారుచేశారు. తెలుగు చేసింది నేను. మాది తెనాలి, తెలుగులో నన్ను మించినవాళ్ళు లేరని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. మొదట ‘పిల్లలు ఎందరు’ అనే రాశాను. ఒకరోజు కోఠీలో ఒక ముసలమ్మ పక్కనున్న పిల్లవాణ్ణి ‘జరుగు బిడ్డా’ అనడం విని, ఆహా, ఇక్కడి మాట ఇదన్నమాట అని పొంగిపోయి, ‘పిల్లలు’ కొట్టేసి ‘బిడ్డలు’ అని రాశాను. అచ్చ తెలుగు, పైగా స్థానికం అని మా సారు మెచ్చుకున్నారు కూడా. ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపుకొచ్చాక చూస్తే పిల్లలు బొత్తిగా తక్కువ తేలారు. ఇంతమందికోసం వేరే బడి అనవసరం, అవతలి ఒడ్డు బడి సరిపోతుంది అని సారు నివేదికలో రాసేశారు. మర్నాడు సాయంత్రం నాలుగింటికల్లా ఆ పేజీలు అచ్చుకోసం స్టెన్సిల్ కాగితం మీద టైపు కొట్టడం పూర్తవ్వాలి. ఆఖరి నిమిషంలో ఒక ఫారం మీద వేలిముద్ర లేదని బయటపడింది. బాలమణి అనే ఆవిడది. పొద్దున్నే వెళ్ళి వేయించుకురా అన్నారు.

పొద్దున ఏడింటికి తార్నాక హాస్టల్ నుంచి బయల్దేరాను. అఫ్జల్‌గంజ్ బస్సులో ముప్ఫై అయిదు పైసలు. ఎనిమిదికల్లా దిగి, ఎదురుగా ఇరానీ హోటల్ బయట నిలబడి ఒక చాయ్ తాగాను. ఆడపిల్ల ఒంటరిగా చాయ్ తాగుతుంటే అప్పట్లో నలుగురూ చూసేవారు, చూడనీ అనుకునేదాన్ని. అక్కణ్ణుంచి సైకిల్ రిక్షా. నయాపూల్ దాటి కుడివైపు తిరిగితే హైకోర్టు, సిటీ కాలేజీ, పేట్ల బురుజు మీదుగా తిన్నగా పురానాపూల్ చేరిపోవచ్చు. రిక్షా భాయ్ రెండు రూపాయలన్నాడు. నేను రూపాయన్నాను.

“రూపాయికి హైకోర్ట్ తక్ వస్త. ఆడ జడ్జిసాబ్‌ని అడుగున్రి మిగిల్నదానికి,” అన్నాడు నవ్వుతూ.

రూపాయిన్నరకి ఎక్కాను. దారిలో “సర్వేవాలా మీరు? నన్ను భీ అడిగిన్రు ఒకసారి. ఎన్నో రాస్కపోయిన్రు. ఇగ రాలే,” అన్నాడు. నేను అలాంటిదాన్ని కాదు, నా పని పక్కాగా ఉంటుంది అని బదులిచ్చాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఎనిమిదిన్నరకి బస్తీలో దిగాను. బాలమణి గుమ్మం ముందు తట్టలో టమాటలు, పచ్చిమిరపకాయలు సర్దుకుంటోంది. వంతెన పక్కన కూరగాయలు అమ్ముతుంది. ఆమె భర్త కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో హెల్పరు, మొదటి షిఫ్టుకి అప్పటికే వెళ్ళిపోయాడు. నన్ను చూడగానే పీట వేసింది. ఇంకుప్యాడు తీసి వేలిముద్ర వేయిస్తుండగా లోపల్నుంచి ఇద్దరు మగపిల్లలు తలలకి నూనె రాసుకుని, పలకల సంచులు భుజాన వేసుకుని బయటికొచ్చారు. వెనకాల పదకొండేళ్ళ ఆడపిల్ల, ఒకడి బొత్తాం పెడుతూ. ఫారం నా ఒళ్ళోనే ఉంది. బిడ్డలు: ఒకటి. బడికి వెళ్ళేవారు: సున్న.

“ఈ పిల్లలెవరు బాలమణీ? మీ చుట్టాలా?” అన్నాను.

“చుట్టాలేంది? నా కొడుకులే!”

“మరి ఆరోజు ఒక్కరే అన్నావు కదమ్మా?”

“అవ్ మల్ల. ఒక్కతే బిడ్డ. గీ రేణుక.”

“కొడుకులు బిడ్డలు కారా?”

బాలమణి నన్ను ఎగాదిగా చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. “కొడుకు బిడ్డెట్లయితడమ్మా? కొడుకు కొడుకే, బిడ్డ బిడ్డే. పిలుస్తె అందర్ని బిడ్డా అనే పిలుస్తం, ముద్దుకు. లెక్క అడిగితె బిడ్డంటె ఆడివిల్లనే. ఆంధ్రల గట్లుండదా?”

ఉండదు. మా నాన్నని ఎవరైనా బిడ్డలెందరంటే మా అన్నయ్యని మొదట చెప్పి మరీ అయిదుగురంటాడు. సంచి తెరిచి చూశాను. సంచిలో మిగతా ఫారాలున్నాయి. నలభై ఇళ్ళలోనూ నేను అడిగింది ఇదే ప్రశ్న. అందరూ నిజమే చెప్పారు. నేనే బస్తీలో ఉన్న మగపిల్లలందర్నీ నా చేత్తో మాయం చేశాను. సందుల్లో గోలీలాడుతూ వాళ్ళు రోజూ కనబడుతూనే ఉన్నారు, పక్క గల్లీవాళ్ళు కాబోలనుకుని పక్కనుంచి నడిచి వెళ్ళాను. ఫారంలో పేర్లు అడగలేదు, అంకె వేసుకుని ముందుకి పోవడమే. ఛీ, ఏం చదువు చదివావే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఈలోగా రేణుక తమ్ముళ్ళిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని బయల్దేరింది. “ఈ అమ్మాయి బడికి పోదన్నావు కదా, మరి ఎక్కడికి?” అన్నాను.

“బడికే. తమ్ముండ్లని తోలుకపోతది. పూల్ మీద లారీలు, ఎడ్లబండ్లు, రిక్షాలు, పోయినేడు చిన్నోన్ని సైకిలోడు గుద్దిండు. ఒక్కల్ల పంపనీకి పానం ఒప్పదు. నేను తట్టకాడ కూసోవాలె, ఆయన షిఫ్టుకు పోవాలె. ఇది దింపి ఆడనే గేటుకాడ కూసుంటది, పన్నెండుకు మల్ల తోలుకొస్తది.”

“రోజూనా?”

“రెండేండ్ల సంది. మస్తు హుషారు పిల్ల. ఏం జేద్దం, దీన్ని గుడ లోపట కూసోబెడితె చిన్నోడు నడుమల్నే గేటు దాటి పూల్ మీదికి ఉరుకుతడు. వాన్ని వట్టుకునేదెవరు?”

బస్తీలో బడి ఉంటే ఆ పిల్ల కాపలా కాయక్కర్లేదు. ఆ బడి వద్దని రాసిన కాగితం ఆ సాయంత్రం అచ్చవబోతోంది. అది కూడా నా అచ్చతెలుగు పుణ్యమే. కూర్చుని ఏడిస్తే లాభం లేదని తెలుసు. బాలమణికి ఉన్నదున్నట్టు చెప్పాను. నా తప్పువల్ల మీకు బడి రాకుండా పోతోంది, మూడింటిలోగా ఇళ్ళన్నీ మళ్ళీ తిరగాలి అన్నాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. తట్ట ఎత్తి పక్కింట్లో ఉన్న ఆడిబిడ్డ ముందు పెట్టి, “జర ఈ పూట నువ్వు కూసో వదినా, ఈ అమ్మ మనల్నందర్ని గొడ్రాండ్లను జేసింది, సక్కజేసొస్త,” అంది. ఇక చూడండి, ఆ మాట మాకంటే ముందు సందంతా తిరిగింది.

ప్రతి గుమ్మంలోనూ బాలమణే అరిచేది. “కొడుకులెందరు, బిడ్డలెందరు, యేరేయేరే జెప్పున్రి! పేర్లు గుడ జెప్పున్రి!” నేను పాత అంకె పక్కన గీత గీసి కొత్తది వేసేదాన్ని. పనికి వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో ముసలివాళ్ళు చెప్పారు, బాలమణి సరిచూసింది. మూడో సందులో పెంటమ్మ ఇల్లు చూసేసరికి నాకు కాళ్ళు వెనక్కి లాగాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ “బిడ్డలు లేరమ్మా” అంటే, నేను చెయ్యి పట్టుకుని, బాధపడకండి, ఇప్పుడు మంచి వైద్యం ఉంది, ఉస్మానియా దవాఖానాకి వెళ్ళండి అని ఓదార్చి వచ్చాను. ఫారంలో కూడా ‘సంతానం లేదు, వైద్య సలహా అవసరం’ అని రాశాను. ఇప్పుడు గుమ్మంలో నలుగురు కొడుకులు వరసగా నిలబడి ఉన్నారు.

“వీళ్ళు నలుగురూ మీ వాళ్ళేనా పెంటమ్మగారూ?”

“నావోల్లే. బిడ్డ కోసం మొక్కని దేవుడు లేడు, నాలుగుసార్లు గిట్లనే అయింది,” అని నిట్టూర్చి, “నువ్వు గంత మంచిగ జెప్పినవని నిజంగనే దవాఖానకు పోయినమ్మా. నలుగురున్నరని జెప్తె డాక్టరమ్మ లొల్లి లొల్లి జేసింది. ఆపరేషన్ జేయించుకో అన్నది!” అంది.

బాలమణి గోడకి చేరబడి నవ్వింది. పెంటమ్మా నవ్వింది, నేనూ నవ్వాను కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడే మజ్జిగ ఇచ్చారు. సగం ఇళ్ళు అయ్యేసరికే మగపిల్లలతో కలిపి లెక్క రెట్టింపు దాటింది. పన్నెండింటికి రేణుక తమ్ముళ్ళని తీసుకొచ్చి ఇంట్లో దిగబెట్టి, మా వెంటబడి చివరి సందు దాకా వచ్చింది. ఎవరింట్లో ఎవరెవరున్నారో ఆ పిల్లకి బస్తీ అంతా నోటికొచ్చు. రెండూ ముప్ఫైకి నలభై ఇళ్ళూ పూర్తయ్యాయి.

తిరుగు రిక్షాకి బేరమాడే ఓపిక లేక అడిగినంతా ఇచ్చి, అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి, నాలుగుకి పది నిమిషాలుండగా ఆఫీసులో పడ్డాను. టైపిస్టు అప్పటికే ఆ పేజీ సగం కొట్టేశాడు. “ఆపండి,” అన్నాను గుమ్మంలోంచే. సారు కళ్ళజోడు తీసి చూశారు. జరిగింది చెప్పాను. ఆయనది బెజవాడ. ఆయనకీ సగం చెప్పేదాకా తప్పెక్కడుందో అర్థం కాలేదు.

“ఇది ఎవరి పొరపాటని రాయమంటావు?” అన్నారు చివరికి.

“నాదని రాయండి. కానీ లెక్క మాత్రం ఇది రాయండి,” అని ఫారాలు బల్లమీద పెట్టాను. ఉద్యోగం పోతే తెనాలి రైలు ఉండనే ఉంది అనుకున్నాను. ఆయన ఫారాలు ఒక్కొక్కటే తిరగేశారు. పెంటమ్మ ఫారం దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగారు. తర్వాత టైపిస్టుతో ఆ స్టెన్సిల్ చింపేయమన్నారు. బడి కావాలని కొత్త పేజీ నేనే రాశాను. నా పొరపాటు సంగతి కూడా అందులో నాలుగు వాక్యాలు రాశాను, సారు వాటిని కొట్టేయలేదు.

ప్రభుత్వం పని ప్రభుత్వంలాగే నడుస్తుంది కాబట్టి ఒక ఏడాది పట్టింది. ఆ మరుసటి జూన్‌లో బస్తీ సంఘం గదిలో ఒక టీచరుతో బడి మొదలైంది. కబురందగానే వెళ్ళాను. చిన్నపిల్లల మధ్య అందరికంటే పొడుగ్గా, వెనక గోడ పక్కన రేణుక కూర్చుని ఉంది. ఇంత పెద్దదానివి ఒకటో తరగతిలో కూర్చోవడానికి సిగ్గుగా లేదా అని ఎవరో వెక్కిరించారట. బయటికి పిలిచి అడిగాను.

“సిగ్గేంది అక్కా? గేటుకాడ కూసోని ఇని ఇని నాకు పదమూడో ఎక్కం దాక వచ్చు,” అంది. తర్వాత పలక చూపించింది. దానిమీద ఒక్క ‘అ’ మాత్రమే ఉంది, వంకరగా, చాలాసార్లు తుడిచి రాసినట్టు. “రాసుడే రాదు. గేటుకాడికి బోర్డు కనవడకపోతుండె.”

నేను ఆ తర్వాత చాలా ఊళ్ళు తిరిగాను, చాలా ప్రశ్నలు తయారుచేశాను, వాటిమీద నాకు మంచి పేరు కూడా వచ్చింది. ఆ పేరు దాచుకోను, నేను మంచి పరిశోధకురాలినే. అయితే రేణుక నాకు ఎదురుగా కనిపించింది వేలిముద్ర మర్చిపోబట్టి, అంతే తప్ప నా తెలివివల్ల కాదు. వేలిముద్ర పడి ఉంటే ఆ పిల్ల ఇంకో రెండేళ్ళు ఆ గేటు బయటే ఉండేది, నేను మాత్రం హాయిగా నిద్రపోయేదాన్ని. అది తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. ఇక మీరు వెళ్ళేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఒక్కటి చెబుతాను. ఫారంలో ‘బడికి వెళ్తుందా’ అన్న ప్రశ్నకి ‘లేదు’ అన్న జవాబు రాగానే పేజీ తిప్పేయకండి. బడి నడిచే వేళకి ఆ పిల్ల ఎక్కడ ఉంటుందో అడిగి, అది కూడా రాసుకోండి.