గాలిమర నీడ పడే చేను

ఎనిమిదో క్లాసులో నేను బడి మానేశానని చెప్పుకుంటాను గానీ, నిజానికి బడే నన్ను మానేసింది. వెతుక్కుంటూ ఒక్క పంతులూ రాలేదు. తర్వాత విరుదునగరులో మూడు నెలలు టైపింగు నేర్చుకుని, కోవిల్‌పట్టి బస్టాండు పక్కన ఆన్‌లైన్ అర్జీలు నింపే కొట్టు పెట్టాను.

పోయిన ఏడాది పురట్టాసి అనే తమిళ నెలలో, అంటే సెప్టెంబరు చివర్లో, మబ్బు కమ్మిన ఒక మధ్యాహ్నం, కయత్తారు వైపు పల్లె నుంచి రెంగమ్మవ్వ వచ్చింది. పంట బీమాకు ఆమె పేరుతో ఆమె చేను జతచేయాలి. గడువు ఆరోజే. పట్టా ఉమ్మడిది. పదకొండు చేలలో ఒకటి ఆమెది, మిగతావి మరుదులవి. తప్పు చేను జతచేస్తే బీమాతోపాటు మరుదులతో మాటలూ పోతాయి.

ఫారంలో రెండు బటన్లుంటాయి. 'యాడ్ న్యూ' అంటే కొత్తది చేర్చడం. 'లింక్ ఎగ్జిస్టింగ్' అంటే రికార్డులో ఇదివరకే ఉన్నదాన్ని ఎంచి జతచేయడం. తొందరలో నేను మొదటిది నొక్కాను. ఆమె చెప్పిన 'మెట్టచేను' అనే పేరు కొట్టగానే, సర్వే నంబరు లేని చేనొకటి తెర మీద పుట్టింది.

"ఇది యాడ ఉండాదప్పా?"

"కంప్యూటర్లో."

"దాన్లో వాన కురుస్తాదా?"

దాన్ని చెరిపేశాను. రెండోది నొక్కితే పదకొండు నంబర్లు వరసగా దిగాయి.

"నీది ఏదవ్వా?"

"నంబరు నాకేం తెలుసు? కళ్ళంలో నుంచి నడిస్తే తెలుస్తాది."

"అయితే నడువు."

ఆమె కళ్ళు మూసుకుని నా బల్ల మీద వేలితో నడక మొదలుపెట్టింది. ఆకాశం నుంచి తీసిన, సర్వే నంబర్లున్న పొలాల ఫోటోను నేను తెరిచాను.

"వంక దాటితిని. ఒంటి తాటిచెట్టు. ఆడ పొద్దున కలుపు తీస్తా ఉంటే, కాత్తాడి నీడ నా వీపు మీద పోతా వస్తా ఉంటాది."

గాలిమరను మావాళ్ళు కాత్తాడి అంటారు. ఆ వేలి వెనకే నేనూ నడిచాను. కొట్టులో నల్లమట్టి వాసన వేసింది. కాళ్ళు మెత్తగా దిగబడుతున్నట్టు అనిపించింది. ఫోటోలో వంక, తాటిచెట్టు, తెల్లటి గాలిమర. దాని నీడ పడమటికి సాగి, ఒకే ఒక్క చేను మీద పడుకుని ఉంది. ఆ నంబరునే జతచేశాను.

ఆమె కళ్ళు తెరిచి చూసి, "నీడను కూడా పట్టినారే," అంది.

అప్పటి నుంచి కొత్తది నొక్కేముందు, ఉన్నది ఏమిటో మనిషిని అడిగి తెలుసుకుంటున్నాను.

వానలయ్యాక అవ్వ గుప్పెడు పెసరకాయలతో వచ్చింది. కొట్టులో ఉన్నవాళ్ళ ముందు నేను కాలరెగరేశాను. "ఈ అవ్వకి చేను వెతికి ఇచ్చింది నేనే."

అవ్వ తాపీగా ఫ్యాను కింద కూర్చుంది.

"చేను ఆడనే ఉండెనప్పా. దోవ తప్పి తిరిగింది నువ్వు."