మా అక్క కూత
రేపల్లె కబడ్డీ పోటీల్లో ఆ సాయంత్రం మా అక్క అవతలి జట్టులో ఇద్దరిని ముట్టి, గీత దాటి వచ్చి, రెండు వేళ్ళు పైకెత్తి నిలబడింది. రిఫరీ ఈల వేసి, ఆమే అవుటని చెయ్యి చూపించాడు. ఈల ఆమెకు వినపడలేదు. చుట్టూ జనం నవ్వుతుంటే తన గెలుపు చూసి నవ్వుతున్నారనుకుని, తనూ నవ్వింది.

మొన్న బాపట్లలో మనవరాలి స్కూలు ఆటలకు వెళ్ళినప్పుడు, చెవులు వినపడని ఒక పిల్ల అందరితో కలిసి కబడ్డీ ఆడుతుంటే ఇదంతా గుర్తొచ్చింది. మా రోజుల్లో చెడుగుడు అనేవాళ్ళం. అవతలికి వెళ్ళిన మనిషి తిరిగి గీత దాటేవరకూ గుక్క తిప్పుకోకుండా కూత పెడుతూనే ఉండాలి.

అక్క అంటే మా పెదనాన్న కూతురు, పుట్టు చెవుడు, మాట రాలేదు. భట్టిప్రోలులో కోత అయిన చేలల్లో ఆడేటప్పుడు ఆమె గొంతులోంచి వచ్చే మూలుగునే కూతగా ఒప్పుకునేవాళ్ళం. అది ఆగిందో లేదో తనకు తెలియాలి గనక ఎడమ చెయ్యి గొంతు మీద ఆనించుకుని, ఒంటి చేత్తో ఆడేది. అలా ఆడినా ఆమెను పట్టి ఆపిన పిల్ల మా ఊళ్ళో లేదు.

అది చూసి డ్రిల్లు మేష్టారు బడి జట్టులోకి తీసుకున్నారు. తెనాలి పోటీల్లో ఆ మూలుగుకు అవతలి పిల్లలు బెదిరి వెనక్కి జరిగేవాళ్ళు, ఆయనకు కావలసిందీ ఆ బెదురే. “దయ్యాన్ని దింపండే” అని కేకేసేవారు. రేపల్లెలో గెలిస్తే జిల్లా జట్టుకు పంపిస్తానన్నారు. పెళ్ళిళ్ళకు కూడా వెంట తీసుకెళ్ళని పిల్ల, జిల్లా జట్టంటే ఏంటో సైగలతో నాచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని బస్సెక్కింది.

అక్కడ ఆ ఈలకు ముందే అవతలి కెప్టెన్ రిఫరీ దగ్గరకెళ్ళి, “అది కూతేంటండీ? మా గేదె నయం” అంది. కబడ్డీ అని స్పష్టంగా పలకాలన్నది నియమమే, కాదనను. అవుటిచ్చాక రిఫరీ అడిగితే మా మేష్టారు, “మూగదని నాకు తెలియదండి, పిల్లలే దింపుకున్నారు” అన్నారు. గట్టు మీది కుర్రాళ్ళు “ఏదీ, ఇంకోసారి అరువమ్మా” అంటూ గొంతులు పట్టుకుని మూలిగారు. అరుపులు వినపడకపోయినా గొంతు మీద పెట్టిన చేతులు కనపడతాయి కదా. అక్క వేళ్ళు దించింది.

ఓడిపోయాం. తిరుగు బస్సులో నేను తప్ప ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు. నోరు లేనిదానికి ఆటలెందుకని పెద్దమ్మ బడే మాన్పించింది. ఆ తరవాత అక్క ఎప్పుడు నవ్వినా, శబ్దం బయటికి రాకుండా పైట నోట్లో కుక్కుకునేది.

ఇప్పుడు చాపల మీద ఆడుతున్నారు, ఈలతోపాటు జెండా ఊపుతున్నారు. బాపట్ల పిల్లను ఎవరూ వెక్కిరించలేదు, చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి ఆడించి మెచ్చుకున్నారు. ఈ మాత్రం మా అక్కకు జరిగి ఉంటే అనుకుంటూ, ఆ పిల్ల కూతకు వెళ్ళటం లేదేమని వాళ్ళ ఆటల సార్‌ను అడిగాను.

“పట్టడానికే ఉంచామమ్మా. ఇక్కడైతే దాని గొంతును కూతగా ఒప్పుకుంటారు గాని, పై పోటీల్లో ఎలాంటి రిఫరీ వస్తాడో తెలీదు కదండీ” అన్నాడు.

ఆట సాగినంతసేపూ ఆ పిల్ల గీత దగ్గర నిలబడి, తనను పంపమని వేలితో గుండెను చూపిస్తూనే ఉంది. వచ్చే నెల తెనాలి పోటీల్లో కూతకు పంపుతారో లేదో ఇంకా తేల్చలేదట.