ఒకట్ల కుర్చీ

2004 వానాకాలం మొదట్లో నన్ను మహారాష్ట్రలోని గడ్చిరోలి నుంచి, అదే జిల్లాలో తెలుగు సరిహద్దు మీదున్న సిరోంచకు ప్రతినియుక్తి మీద పంపారు. ప్రతినియుక్తి అంటే జీతం ఒకచోట, పని ఇంకోచోట. జిల్లా కేంద్రంలోని ఒక సర్కారు శిక్షణ సంస్థలో నేను కంప్యూటర్ నిదేశక్‌ని, అంటే బోధకుణ్ణి. మూడో తరగతి ఉద్యోగం. నేను గదిలోకి వస్తే లేవాలా వద్దా అన్నది ఎవరికీ తేలని హోదా అది.

సిరోంచలోని ఒక కచేరీ సిబ్బందిని కంప్యూటర్ పరీక్షకు తయారు చేయడం నా పని. పాఠ్యపుస్తకం మరాఠీలో ఉండేది, తెర మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉండేవి, నేర్చుకునేవాళ్ల సందేహాలు తెలుగులో ఉండేవి. నన్ను ఎంపిక చేసింది నా ప్రతిభ చూసి కాదు, మా ఇంట్లో తెలుగు మాట్లాడతారని. ఆ కచేరీ ఏ శాఖదో చెప్పను. అందులో పనిచేసినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకు కోపాలూ ఉన్నాయి.

ఆలాపల్లి మీదుగా ఎర్ర బస్సులో రోజంతా కూర్చుని దిగాక, నాకు కంప్యూటర్ గది చూపించారు. చెప్పులు బయట విడవాలన్నారు. లోపల దుమ్ము పడకూడదట. రెండు యంత్రాల మీద పూల గుడ్డలు కప్పి ఉన్నాయి. గుడ్డ తీస్తే ఒక్కో తెర నుదుట కుంకుమ బొట్టు ఉంది. అది ఏ దుమ్మును ఆపుతుందో మాత్రం చెప్పలేదు.

నా తరగతిలో ఎనిమిది మంది. అందరిలోకీ పెద్ద రాజం సార్. ఆయన అవ్వల్ కార్కున్, అంటే పెద్ద గుమాస్తా. కచేరీ అధికారిని అందరూ సాహెబ్ అనేవారు; సంతకం ఎక్కడ పెట్టాలో సాహెబ్‌కు ఆయనే చూపించేవారు. అందరిలోకీ చిన్న సమ్మక్క. వయసులో కాదు, ఉద్యోగంలో. బామ్ని నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆమె భర్త ఆ కచేరీలోనే జీపు డ్రైవరుగా పనిచేస్తూ జబ్బుచేసి చనిపోతే, అనుకంపా తత్వం కింద, అంటే పోయినవాడి కుటుంబాన్ని ఆదుకునే నియమం కింద, ఆమెను చిన్న గుమాస్తాగా తీసుకున్నారు. ఆ నియమానికి ఒక తోక ఉంది. గడువులోపల కంప్యూటర్ పరీక్ష పాసు కావాలి, లేకపోతే ఉద్యోగం పోతుంది. సమ్మక్క అప్పటికే రెండుసార్లు తప్పింది. గడువులో ఇంకొక్క పరీక్షే మిగిలి ఉంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒక అత్త.

రెండుసార్లూ ఎలా తప్పావని అడిగాను. మొదటిసారి ఉత్తరం మొత్తం కొట్టాక కరెంటు పోయిందట. రెండోసారి కరెంటు పోలేదు, మూసేటప్పుడు యంత్రం ఇంగ్లీషులో ఏదో అడిగితే భయపడి వద్దని నొక్కిందట.

“నాకు రాదు సార్. అది అందరికి రాదట గద,” అంది.

సేవ్ చేయాలని ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారంది. ఫైల్ అనే చోట నొక్కి, కిందికి జరిగి, సేవ్ అనేచోట నొక్కాలని మంత్రంలా అప్పజెప్పింది. ఎందుకు నొక్కాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు. మా వృత్తిలో సగం మంది మీటలు నేర్పి యంత్రం నేర్పామనుకుంటారు. ఏది అడిగినా “అది ఆటోమేటిక్” అంటారు. ఆ మాట నా తరగతిలో నిషేధించాను.

ఆ వారం కరెంటు దాదాపు లేదు. ప్రాణహిత అవతల ఎక్కడో స్తంభాలు పడ్డాయన్నారు. యంత్రం లేనప్పుడు యంత్రాన్ని మనుషులతో కట్టడం తప్ప నాకు దారి లేకపోయింది.

హాల్లో ఎనిమిది కుర్చీలు వరుసగా వేయించాను. కంప్యూటర్‌కు పది అంకెలు తెలియవు. ఒక్కో చోట కరెంటు ఉందా, లేదా అన్నదే తెలుసు. ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. మా లెక్కలో నిలబడితే ఒకటి, కూర్చుంటే సున్నా. కుడి చివరి కుర్చీ విలువ ఒకటి. దాని పక్కది రెండు, ఆ పక్కది నాలుగు, తరువాత ఎనిమిది, పదహారు, అలా రెట్టింపవుతూ ఎడమ చివరి కుర్చీకి వచ్చేసరికి నూట ఇరవై ఎనిమిది. నాలుగు కుర్చీలోవాళ్లూ ఒకటి కుర్చీలోవాళ్లూ నిలబడితే ఆ వరుస అయిదు అని చెబుతున్నట్టు.

ఇక లెక్కపెట్టడం. సాహెబ్ బల్ల మీది ఇత్తడి గంట అడిగి తెచ్చుకున్నాను. గంట మోగినప్పుడు ఒకట్ల కుర్చీవాళ్లు కూర్చుని ఉంటే లేవాలి, నిలబడి ఉంటే కూర్చోవాలి. కూర్చునేటప్పుడు మాత్రం పక్కవాళ్ల చేతిని తట్టాలి. బడిలో కూడికకు ‘చేతిలో ఒకటి’ అనుకుంటాం కదా, అదే ఈ తట్టడం. తట్టించుకున్నవాళ్లకూ అదే నియమం. అంతకు మించి ఎవరూ ఏమీ ఆలోచించకూడదు. అసలు యంత్రంలోనూ ఇలాంటి గంట ఉంటుంది, క్లాక్ అంటారు. అది క్షణంలో కోట్లసార్లు కొడుతుంది. మనకు తెలివిగా కనిపించేదంతా ఆ తొందరే.

ఎవరు ఏ కుర్చీలో అన్నది నాకు సమస్య కాదు. రాజం సార్‌కు సమస్య. ఆయన లోపలికి వెళ్లి జ్యేష్ఠతా యాదీ, అంటే సీనియారిటీ జాబితా చూసి వచ్చి, నూట ఇరవై ఎనిమిది విలువైన కుర్చీలో తాను కూర్చుని, మిగిలినవాళ్లను హోదా ప్రకారం సర్దారు. ఒకట్ల కుర్చీ సమ్మక్కకు వచ్చింది.

ఈ యంత్రంలో ఒక గుణం ఉంది, సర్దిన తరువాతే వాళ్లకు అర్థమైంది. ఒకట్ల కుర్చీ ప్రతి గంటకూ లేవాలి లేదా కూర్చోవాలి. పక్కవాళ్లకు అందులో సగం పని. ఆ పక్కవాళ్లకు అందులో సగం. ఎడమ చివరకు పోయేకొద్దీ పని ఉండదు. సమ్మక్కకు చెమటలు పడుతుంటే రాజం సార్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

“నా వంతు ఎప్పుడొస్తది సార్?” అని ఒకసారి అడిగారు.

వస్తుందన్నాను.

రెండో రోజు మేం నలభై నాలుగు దగ్గర ఉండగా సాహెబ్ వచ్చారు. ఆయన మరాఠీ మనిషి, మితభాషి. ఊరికే చూసిపోదామని గుమ్మంలో నిలబడ్డారు. ముప్పై రెండు, ఎనిమిది, నాలుగు కుర్చీలవాళ్లు అప్పటికే నిలబడి ఉన్నారు. కూర్చుని ఉన్న మిగిలినవాళ్లు చటుక్కున లేచారు. ఇన్నేళ్ల నౌకరీ వాళ్ల మోకాళ్లకు అది నేర్పింది. మా నలభై నాలుగు ఉన్నపళంగా రెండువందల యాభై నాలుగైంది.

అందరూ లేస్తే రావాల్సిన రెండువందల యాభై అయిదు కాకుండా యాభై నాలుగే ఎందుకంటే, సమ్మక్క లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని నా చేతిలోని గంట వంకే చూస్తోంది.

ఒంట్లో బాగాలేదా అని సాహెబ్ మరాఠీలో అడిగారు.

“మంచిగనే ఉన్న సార్,” అంది తెలుగులో. “గంట కొట్టలే.”

సాహెబ్ గంటను చూశారు, నన్ను చూశారు. అందరినీ కూర్చోమని చెప్పి వెళ్లిపోయారు.

అందరూ కూర్చున్నారు. ఇప్పుడు మన లెక్క ఎంత అని అడిగాను. ఎవరికీ తెలియదు. ముందు ఎవరు నిలబడి ఉన్నారన్న దాని మీద వాదన మొదలైంది. తాము నిలబడే ఉన్నామని ఇద్దరు పోట్లాడారు, ఇద్దరిలో ఒకాయనది అబద్ధం. యంత్రంలో మెమరీ అనేది ఇలాంటి కుర్చీల వరుసేనని అప్పుడు చెప్పాను. తెర మీద మనం కొట్టిన ఉత్తరం నిజానికి ఆ కుర్చీల్లో ఉంటుంది. కరెంటు పోతే అందరూ ఒక్కసారే కూర్చుంటారు, ఉత్తరం పోతుంది. పోకుండా ఉండాలంటే లెక్కను మధ్యమధ్యలో గోడ మీది బోర్డు మీద రాసుకోవాలి. కంప్యూటర్‌లో ఆ బోర్డు డిస్క్. అలా రాయడమే సేవ్.

సమ్మక్క కుర్చీలనూ బోర్డునూ మార్చి మార్చి చూసింది.

“గట్లయితే నేను పోయిన పరీక్షలల్ల కొట్టిందంత గీ కుర్చీలల్లనే ఉండెనా సార్? బోర్డు మీదికి పోనే లేదా?”

“పోలేదు.”

“రెండుసార్లూ?”

“రెండుసార్లూ.”

“నా అక్షరాలు తప్పు కాదా మరి?”

ఆ ఉత్తరాలను నేనే కాదు, ఎవరూ చూడలేదు, చూడటానికి ఏమీ మిగల్లేదు అన్నాను. ఆమె పైటకొంగుతో మొహం తుడుచుకుంది. ఆ పూటకు పాఠం అక్కడే ఆపాను.

మర్నాడు ఆమె చేతికి కారణే దాఖవా నోటీసు వచ్చింది. వరిష్ఠ అధికారి వచ్చినప్పుడు లేచి నిలబడనందుకు చర్య ఎందుకు తీసుకోకూడదో కారణం చూపమని. రాసింది రాజం సార్. అది ఆమె సేవా పుస్తకంలోకి ఎక్కితే, పరీక్ష పాసైనా ఉద్యోగం కాయం, అంటే పర్మనెంట్, కావడం కష్టం. నేను ఆయన బల్ల దగ్గరకు వెళ్లాను. ఆయన దుర్మార్గుడు కాదు. సమ్మక్క నియామకం కోసం అందరికంటే ఎక్కువ తిరిగింది ఆయనే.

“ఆమె ఫైలు పట్టుకొని గడ్చిరోలి దాక పోయింది ఎవరు సార్? నేను,” అన్నారు. “సాహెబ్ ముంగట నా ఇజ్జత్ తీసింది. జర లేస్తే ఏం పోయె?”

“లెక్క పోయేది,” అన్నాను.

“లెక్కదేంది సార్, మళ్ల పెట్టుకుందుము.”

ఆయన చెప్పింది నిజమే. కచేరీలో లెక్క మళ్లీ పెట్టుకోవచ్చు, సాహెబ్ మనసు మళ్లీ పెట్టుకోలేం. ఆయన నౌకరీ అంతా సాహెబ్ చెప్పింది కాక, సాహెబ్ అనుకున్నది చేయడంలో గడిచింది. యంత్రం పనికి అంతకంటే పనికిరాని అర్హత లేదు.

సమ్మక్క తన ఖులాసాలో, అంటే సంజాయిషీలో, ఒకే వాక్యం రాసింది. గంట మోగలేదు కనుక లేవలేదని. సాహెబ్ ఆ కాగితాన్ని శిక్షకుడి అభిప్రాయం కోసం నాకు పంపారు. నేనూ ఒకే వాక్యం రాశాను: సంబంధిత కర్మచారి ఆ సమయంలో సున్నా స్థితిలో ఉన్నారు, ఆ స్థితి మార్చే ఆదేశం ఆమెకు అందలేదు. ఫైలు పైకి వెళ్లింది. రెండు రోజులు సమ్మక్క అన్నం డబ్బా విప్పకుండా ఇంటికి పట్టుకెళ్లింది. మూడో రోజు ఫైలు కిందికి వచ్చింది. ‘నస్తీబద్ధ్’ అని ఉంది, అంటే కట్టి అరలో పెట్టమని. కింద సాహెబ్ సంతకం సరైన చోటే ఉంది, ఈసారి ఎవరూ చూపించలేదు.

తరగతి చివరి రోజు ఒకటి నుంచి ఆపకుండా లెక్కపెట్టాం. నూట ఇరవై ఏడు దగ్గర ఏడుగురు నిలబడి ఉన్నారు, రాజం సార్ ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఆ సమయానికి సాహెబ్ మళ్లీ గుమ్మంలోకి వచ్చారు. అందరూ చూశారు. నేను గంట కొట్టాను. సమ్మక్క కూర్చుని పక్కవాళ్ల చేయి తట్టింది. రెండు కుర్చీలోని ఆయన కూర్చుని తన పక్కాయనను తట్టారు. అలా వరుసంతా ఒకరి తరువాత ఒకరు సాహెబ్ ఎదురుగా కూర్చుంటూ పోయారు. చివరి తట్టు రాజం సార్‌కు అందింది. ఆయన లేచారు. ఏడుగురు కిందివాళ్లు కూర్చుని ఉండగా అవ్వల్ కార్కున్ ఒక్కరే నిలబడ్డారు. ఏంచేయాలో తోచక సాహెబ్‌కు నమస్కారం పెట్టారు. సాహెబ్ తల ఊపారు.

“సమజైంది సార్,” అన్నారు రాజం సార్ తరువాత నాతో. “ఈ మిషిన్‌ల మర్యాద లేదు.”

“లేదు,” అన్నాను.

పరీక్ష గడ్చిరోలిలో. తర్ఫీదు ఇచ్చినవాడు పరీక్ష గదిలోకి రాకూడదని నియమం, నేను బయట వసారాలో ఉన్నాను. ఉత్తరం కొట్టే భాగం నడుస్తుండగా కరెంటు పోయింది. గదిలోంచి ఒక్కసారిగా అయ్యో అన్నారు. అక్కడ బ్యాటరీ పెట్టె ఒకటి ఉంది, అది పర్యవేక్షకుడి పంకాకు తగిలించి ఉంది. కరెంటు వచ్చాక చాలామంది మొదటి నుంచి మొదలుపెట్టారు. వాళ్లలో రాజం సార్ కూడా ఉన్నారు. ఆయన వేగంగా కొట్టగలరు కనుక గట్టెక్కారు. సమ్మక్క నెమ్మది, మొదటి నుంచి కొట్టాల్సి వస్తే గట్టెక్కేది కాదు.

“ఎంత పోయింది?” అని బయటకు రాగానే అడిగాను.

“ఆఖరి లైను ఒక్కటే సార్. లైను లైనుకు బోర్డు మీద రాసుకుంటనే ఉన్న.”

పాసైంది. ఆ చలికాలంలో ఆమెను కాయం చేస్తూ ఆదేశం వచ్చింది. దాన్ని కొట్టింది కొత్త కంప్యూటర్ మీద, కొట్టింది రాజం సార్.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇది. యంత్రం లోపల ఏం జరుగుతుందో చెప్పకుండా మీటలు మాత్రమే నేర్పితే, నేర్చుకునేవాళ్లు ప్రతి తప్పూ తమదే అనుకుంటారు. లోపలిది చెబితే ఏది తమ తప్పో ఏది కాదో వాళ్లే విడదీసుకుంటారు. అది చెప్పడానికి ఎనిమిది కుర్చీలు, ఒక గంట చాలు.

మరుసటి ఏడాది ఇంకో బ్యాచ్ కోసం సిరోంచ వెళ్లాను. కంప్యూటర్ గది బయట చెప్పులు విడిచి లోపలికి వెళితే సమ్మక్క ఏదో కొడుతోంది. నన్ను చూసింది. లేవలేదు. ముందు సేవ్ చేసింది, ఆ తరువాత లేచి నమస్తే అంది.