ఆమె చెబితేనే కదిలే పడవ

ధరూర్ దగ్గర కృష్ణ ఒడ్డున మా పక్కింటాయన చేపలు పట్టేవాడు. ఇంజన్ పడవ ఆయన సొంతం. ఆదివారం మాత్రం వల ఇంట్లోనే వదిలి, భార్యను ఎక్కించుకుని, వేయించిన పల్లీలు తింటూ ఒడ్డు వెంబడి ఊరికే తిరిగొచ్చేవాడు.

ఆయనకొక అలవాటు. ఇంజన్ తాడు చేతికి చుట్టుకుని, "పోదమా?" అని ఆమెను అడిగేవాడు. "ఇంకెప్పుడు, పొద్దుగూకినంకనా?" అని ఆమె కసిరితేనే లాగేవాడు. నేను వాళ్లతో వెళ్లిన పద్నాలుగు సార్లలో ఒక్కసారి కూడా ఇది తప్పలేదు.

తర్వాత పక్షవాతం వచ్చి ఆమెకు మాట పడిపోయింది. మూడు నెలల నాలుగు రోజులకు ఆయన ఆమెను మళ్లీ పడవ ఎక్కించాడు. పడిపోకుండా నేను వెనక నుంచి పట్టుకుని కూర్చున్నాను. ఆయన తాడు చుట్టుకుని, "పోదమా?" అన్నాడు. ఆమె పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. తల దించుకుంది.

"తమ్మీ, ఆమెకు మాట వస్తలేదు గద, నువ్వే లాగరాదూ" అన్నాను.

"జర ఆగక్కా. నా అంతట నేనే లాగితె, ఆమె పడవల మూట లెక్క అయితది."

గడియారం చూశాను. పదకొండు నిమిషాలు గడిచాయి. ఆయన తాడు వదల్లేదు, మళ్లీ అడగనూ లేదు. అప్పుడు ఆమె బాగున్న ఎడమ చేతిని నీళ్లలో ముంచి, పుడిసెడు నీళ్లు ఆయన మొహాన కొట్టింది.

"పోతున్న గదనే! గంతగనం తిట్టాల్నా?" అంటూ, మొహం తుడుచుకోకుండానే ఆయన తాడు లాగాడు.